ఉండుటయా, వీడుటయా?
(మన సమాజపు చర్చాసభలో చేసిన ఉపన్యాసము)



ఈ సాయంకాలము సంగీతమునకు ముందు ఒక గంటసేపు రాజకీయ చర్చ యొకటి జరుపవలెనని తలచి, మన కార్యదర్శిగారు తొలిపలుకులు నన్ను పలుకుమనిరి. ఒక దేశము తాను చేరియున్న రాజకీయార్థిక కూటమిని వీడవచ్చునా యనునది వారిచ్చిన విషయము. ఇట్టి ప్రశ్నను గాలిలో నిలిపి వాదించినచో ఎవరికి తోచినది వారు చెప్పి, కాఫీ త్రాగి, యిండ్లకు పోవుదుము. అందుచేత జరిగిన కథ నొకదానిని తీసికొందును. 2016 జూన్ 23వ తేదీన బ్రిటన్ ప్రజలు ఐరోపా సంఘమును వీడవలెనని ఓటు చేసిరి. 2020 జనవరి 31న ఆ దేశము వీడినది. నడుమ మూడు సంవత్సరముల ఏడు మాసములు గడచినవి. ఇద్దరు ప్రధానమంత్రులు పదవి వదలి మూడవవారు వచ్చిరి. రెండు పర్యాయములు పార్లమెంటు ఎన్నికలు జరిగినవి. వీడుట మేలా కీడా యని తీర్పు చెప్పుటకు నేను రాలేదు. ఆ ప్రశ్న నడిగిన విధమును గూర్చియే నాకు చెప్పవలసినది కలదు. ఇరువది యేండ్లుగా నోట్లు వ్రాసి బ్రదుకుచున్నవానికి, ప్రశ్న నెట్లడిగిరి యను దానిపై కొంత పట్టింపు ఉండుట సహజము గదా!

బ్రిటన్ ఆ కూటమిలో చేరుటయే ఒక కథ. 1957 మార్చి 25న రోము నగరములో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, హాలెండు, లక్సెంబర్గు అను ఆరు దేశములు సంధి చేసికొని కామన్ మార్కెట్టును నెలకొల్పినప్పుడు బ్రిటన్ దూరముగనే నిలిచెను. 1961లో మాక్మిలన్ ప్రభుత్వము చేరుటకు దరఖాస్తు పెట్టగా, 1963 జనవరిలో ఫ్రెంచి అధ్యక్షుడు ద గాల్ త్రోసిపుచ్చెను. 1967లో విల్సన్ ప్రభుత్వము మరల అడిగెను. ద గాల్ మరల కాదనెను. ఆయన గద్దె దిగిన పిమ్మటనే, హీత్ ప్రధానిగా నుండగా, 1973 జనవరి 1న బ్రిటన్‌కు ప్రవేశము లభించినది. ఇందులో మనకును పాలు లేకపోలేదు. బ్రిటిషు విపణిలో మన తేయాకునకు, నూలు వస్త్రములకు కామన్వెల్తు రాయితీలుండెడివి. బ్రిటన్ ఐరోపాతో కలిసినచో అవి యేమగునో యని 1962 సెప్టెంబరులో లండనులో జరిగిన కామన్వెల్తు ప్రధానుల సమావేశములో నెహ్రూగారు ఆందోళన తెలిపిరి. నాడు బ్రిటన్ చేరునేమో యని కలత చెందిన మనమే, అరువదేండ్లు తిరుగకముందే, బ్రిటన్ వీడినచో మన కంపెనీల గతి యేమని కలత చెందితిమి. అతిథి వచ్చినను చిక్కే, వెళ్లినను చిక్కే.

చేరిన రెండేండ్లకే, 1975 జూన్ 5న, ఉండవలెనా యని ప్రజల నడిగిరి. నూటికి 67 మంది ఉండవలెననిరి. కన్సర్వేటివు పక్షమునకు నాయకురాలై కొలది మాసములే అయిన థాచరు అమ్మగారు నాడు ఉండుటకే ప్రచారము చేసిరి. ఆమెయే 1984లో చందాలో రాయితీ సాధించి, 1988లో బ్రూజెస్ నగరములో చేసిన ప్రసంగముతో ఐరోపా కేంద్రాధికారమును ఎదిరించువారికి పతాకమైరి. మనుష్యులు మారిరి, కూటమియు మారెను. 1992లో సంతకములైన మాస్ట్రిక్టు సంధితో అది వర్తక సమాజము మాత్రమే కాక, పౌరసత్వము, ఉమ్మడి నాణెము, విదేశాంగ విధానము కల సంఘమైనది. బ్రిటన్ నాణెములో చేరలేదు. ఉమ్మడి ఇంటనే యుండి, పొయ్యి మాత్రము వేరు పెట్టుకొన్న తమ్మునివలె నుండెను.

ఇక 2016 నాటి వాదమునకు వత్తును. వీడుమన్నవారిని అజ్ఞానులని యెగతాళి చేయుట నేటికిని చదువుకొన్నవారిలో ఒక అలవాటు. అది న్యాయము కాదు. వారి పక్షమున గట్టి వాదమే యుండెను. 1988లో బ్రిటిషు పార్లమెంటు తన సముద్రములలో చేపలుపట్టు ఓడలను గూర్చి ఒక శాసనము చేయగా, స్పెయిను ఓడల యజమానులు న్యాయస్థానమున కెక్కిరి. ఐరోపా న్యాయమునకు విరుద్ధమని ఆ శాసనపు అమలును బ్రిటిషు న్యాయమూర్తులే 1990లో ఆపవలసి వచ్చెను. తాను ఎన్నుకొన్న సభ చేసిన చట్టమును, తాను ఎన్నుకొనని చోట పుట్టిన చట్టము త్రోసిరాజనుట ఓటరునకు మింగుడుపడకపోవుట వింత కాదు. స్వరాజ్యము కొరకు మన పెద్దలు చేసిన త్యాగములను సభలలో స్మరించుకొను మనము, మరియొకరు స్వపరిపాలన యనినప్పుడు మాత్రము లాభనష్టముల పట్టీ చూపుమనుట యేమి మర్యాద?

వలసల మాట చూడుడు. 2004లో పది దేశములు క్రొత్తగా చేరినప్పుడు జర్మనీ, ఫ్రాన్సు మొదలైనవి కొన్నేండ్లు తలుపులు మూసియుంచగా, బ్రిటన్, ఐర్లండు, స్వీడను మాత్రము వెంటనే తెరచినవి. లింకన్‌షైరులో కూరగాయల పొలముల నడుమనున్న బోస్టను వంటి చిన్న పట్టణములో కొలది సంవత్సరములలో బడి, వైద్యశాల, అద్దె యిల్లు అన్నియు ఇరుకైనవి. ఆ ఊరిలో నూటికి 75 మందికి పైగా వీడుటకే వేసిరి. లండనులోని పెద్దలు ఊరక వచ్చిన అభివృద్ధి యనుకొన్నది, బోస్టనులో గది అద్దెగాను, కూలి రేటుగాను కనబడినది.

ఉండుమనువారు దీనికి చెప్పిన సమాధానమేమి? వీడినచో 2030 నాటికి కుటుంబమునకు ఏటా 4,300 పౌనుల నష్టమని ఆర్థికశాఖ లెక్క కట్టెను. వీడినచో పన్నులు పెంచి ఖర్చులు తగ్గించు అత్యవసర బడ్జెట్టు తెత్తునని ఆర్థికమంత్రి బెదరించెను. రెండు మహాయుద్ధములలో చితికిన దేశములు బొగ్గును ఉక్కును కలిపి పంచుకొనుటతో మొదలైన కూటమిని గూర్చి ఆప్యాయముగా పలికినవారు అరుదు. నలుబదిమూడేండ్లు కలిసి కాపురము చేసినవారు ఇంటిని గూర్చి చెప్పగలిగినది అద్దె తక్కువ యను మాట యొక్కటియేనా? ఓటమికి కారణములు పలువురు పలువిధములుగా వ్రాసిరి గాని, నా మట్టుకు ఈ పేదరికమే ముఖ్యకారణముగా కనబడుచున్నది.

వీడుమనువారును ధర్మపుత్రులు కారు. వారమునకు 35 కోట్ల పౌనులు ఐరోపాకు పంపుచున్నామనియు, దానిని వైద్యశాలలకు ఇత్తమనియు ఎఱ్ఱని బస్సుపై వ్రాసి ఊరూర త్రిప్పిరి. రాయితీని మినహాయించినచో ఆ మొత్తము చాల తగ్గును. తిరిగి వచ్చు సహాయములను మినహాయించినచో ఇంకను తగ్గును. ఆ అంకె జనులను తప్పుదారి పట్టించునదని ఆ దేశపు గణాంకాధికార సంస్థయే ప్రకటించెను. ఐనను బస్సు ఆగలేదు. మన సెక్షనులో ఒక అంకె తప్పిన పార్లమెంటు ప్రశ్నకు ఎంత సంజాయిషీ వ్రాయవలయునో తలచుకొని, ఆ బస్సు వ్రాతగాండ్రపై నాకు ఒక్కొక్కప్పుడు అసూయ కలుగును.

ఇచట మన తెలుగువారికి నేరుగా తగులు సంగతి యొకటి కలదు. ఆ ఓటింగులో బ్రిటన్‌లో నివసించు కామన్వెల్తు పౌరులకు హక్కు ఉండెను. ఇటలీ, పోలండు మొదలైన ఐరోపా దేశములవారికి మాత్రము లేదు. మా మేనత్తగారి కుమారుడు, నాకు బావ వరుస, మధ్య ఇంగ్లండులో వైద్యుడు. భారత పౌరసత్వము వదలుకొనకయే ఆయన ఓటు వేసెను. ఆయనతో అదే వార్డులో పనిచేయు ఇటలీ వైద్యునకు, తన జీవితమునే తలక్రిందులు చేయగల ఆ ప్రశ్నపై ఓటు లేదు. మా బావ వీడుటకే వేసెను. ఐరోపావారు టిక్కెట్టు కొనుక్కొని వచ్చి చేరుచుండగా, తన మేనల్లునివంటి గుంటూరు వైద్యుడు వీసాకై సంవత్సరములు పడిగాపులు పడనేల యనునది ఆయన వాదము. వీడినచో దక్షిణాసియావారికి ద్వారములు తెరచుకొనునని ప్రచారకులు కొందరు చెప్పియు నుండిరి. మా అక్క, అనగా ఆయన భార్య, ఉండుటకు వేసెను. పోలింగునకు వారము ముందు, జూన్ 16న, జో కాక్స్ అను పార్లమెంటు సభ్యురాలిని ఒక దుండగుడు నడివీధిలో హత్య చేసెను. ఆ గాలి ఎటు వీచుచున్నదో తనకు నచ్చలేదని మా అక్క ఫోనులో చెప్పెను. ఆ నెల వారింట భోజనముల వేళ రాజకీయములు నిషిద్ధము.

బోస్టనులోని కూలివాడు పరదేశీయులు తగ్గవలెనని వేసిన గుర్తును, మా బావ స్వదేశీయులు పెరుగవలెనని వేసిన గుర్తును చూడుడు. రెండును ఒకే గడిలో పడినవి. లెక్కపెట్టువారికి రెండును ఒక్కటియే. 1,74,10,742 మంది వీడవలెననిరి; 1,61,41,241 మంది ఉండవలెననిరి. నూటికి 51.9, 48.1. ఉండుట యనగా నేమో అందరికిని తెలియును. నిన్న ఉన్నట్లే రేపు. వీడుట యనగా నేమి? నార్వేవలె సంఘమునకు వెలుపల నుండి, చందా కట్టుచు, ఓటు లేకయే వారి వర్తక చట్టములను పాటించుటయా? స్విట్జర్లండువలె ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క ఒప్పందమా? కెనడావలె వర్తకపు ఒడంబడిక మాత్రమేనా? లేక ఏ ఒప్పందమును లేకుండుటయా? ప్రచారకులలో ఒకరు ఒక దారిని, వేరొకరు వేరు దారిని చూపిరి. ఒకే మనుష్యుడు రెండు సభలలో రెండు దారులు చూపినదియు కలదు. కావుననే వారికి ఓట్లు కలిసివచ్చెను. మన పల్లెలలో అన్నదమ్ములు వేరుపడునప్పుడు పెద్దమనుష్యులు కూర్చుండి, బావి యెవరిది, గట్టు యెవరిది, తల్లి యెవరి వంతు అని పారీఖత్తు వ్రాసిన తరువాతనే పొయ్యి వేరుచేయుదురు. ఇచట పొయ్యి ముందు వేరైనది.

ఇందులో మన వృత్తివారికి విస్మయము గొలుపు సంగతి వేరొకటి. వీడుటకు ఓటు పడినచో ఏమి చేయవలయునో ముందుగా సిద్ధపరుపవద్దని ప్రభుత్వము తన శాఖలను ఆదేశించెను. అట్టి ఏర్పాటు బయటపడినచో వీడుమనువారికి బలము చేకూరునని భయము. 2016 జూలైలో పార్లమెంటు విదేశాంగ వ్యవహారముల సంఘము దీనిని ఘోరమైన నిర్లక్ష్యమని తన నివేదికలో తప్పుపట్టెను. ప్రధాని కామెరన్ ఓటింగు మరునాడే రాజీనామా ప్రకటించెను. అనగా దేశచరిత్రలోనే పెద్ద పని యొకటి తలపై పడిననాడు, దానికి ఫైలు తెరువబడలేదు. తెరువవలసిన ఆయన లేచిపోయెను.

వీడుటకు నియమము సంధిలోనే కలదు. లిస్బను సంధిలోని 50వ అధికరణము అది. చిత్తు వ్రాసినది జాన్ కెర్ అను బ్రిటిషు దౌత్యాధికారి. ఎప్పుడో ఏ నిరంకుశ ప్రభుత్వమో వాడుకొనునని తలచి వ్రాసిన దానిని తన దేశమే మొట్టమొదట వాడుకొనెను. నోటీసు ఇచ్చిన నాటినుండి రెండేండ్ల గడువు. ప్రధాని థెరెసా మే 2017 మార్చి 29న నోటీసిచ్చి, అటుపిమ్మట ఎన్నికలకు పోయి, ఉన్న మెజారిటీని పోగొట్టుకొనెను. ఏమి కావలెనో తేల్చుకొనకముందే గడియారమును త్రిప్పుట యిది. తుదకు ఆమె తెచ్చిన ఒప్పందమును 2019 జనవరి 15న సభ 432–202 ఓట్లతో త్రోసివేసెను. తరువాత ఇంకను రెండుమార్లు ఓడించెను.

అప్పుడు సభ్యులే, మాకు ఏమి కావలెనో మేమే చెప్పుదుమని పూనుకొనిరి. మార్చి 27న ఎనిమిది మార్గములను బల్లపై పెట్టి ఒక్కొక్కదానిపై ఓటు తీసిరి. ఎనిమిదియు ఓడినవి. ఏప్రిల్ 1న నాలుగింటిపై మరల తీసిరి, నాలుగును ఓడినవి. ఉమ్మడి సుంకముల ఏర్పాటు మూడే ఓట్లతో ఓడెను. ప్రజలు ఒక ప్రశ్నకు బదులు చెప్పిరి గాని, ఆ బదులునకు అర్థమేమో ఆరువందల ముప్పదిమందికి పైగా కూర్చుండియు చెప్పలేకపోయిరి. వారిని పిరికివారని, ద్రోహులని పత్రికలు తిట్టినవి. నాకు మాత్రము వారిపై జాలియే కలిగెను. ఓటుపెట్టెలో లేని యుత్తరమును వారు ఎచటినుండి తేగలరు?

అట్లైన మరల ప్రజలనే యడుగరాదా యని లక్షలమంది లండను వీధులలో నడచిరి. ఈ సభలోను పలువురి మనసులో ఆ మాటయే యుండును. నేనంగీకరింపను. ఐర్లండు 2001లో నీస్ సంధిని, 2008లో లిస్బను సంధిని కాదనగా, ఒక్కొక్క సంవత్సరము గడచిన పిమ్మట మరల అడిగి ఔననిపించిరి. నచ్చిన జవాబు వచ్చువరకు అడుగుదురను అపవాదు అప్పటికే యున్నది. రెండవ ఓటు కావలెనన్నచో అది మొదటి చట్టములోనే వ్రాయవలసినది. న్యూజిలండు అట్లు చేసెను. 1992లో ఎన్నికల పద్ధతి మారవలెనా, మారినచో ఏ పద్ధతి కావలెనని రెండు ప్రశ్నలడిగి, గెలిచిన పద్ధతిని పూర్తిగా చట్టముగా వ్రాసి, 1993లో పాతదానికిని దానికిని పోటీపెట్టి తుది తీర్పు తీసికొనెను. 2015లో బ్రిటిషు పార్లమెంటు చేసిన రిఫరెండం చట్టములో ఇట్టి రెండవ మెట్టు లేదు. గెలుతుమను ధీమాతో తలుపు చెక్కినవారు మెట్లు కట్టింపలేదు.

మన రాజ్యాంగములో ఈ చిక్కే లేదని మీరనవచ్చును. నిజమే. మన సంఘము రాష్ట్రముల ఒప్పందమువలన పుట్టలేదనియు, కావున ఏ రాష్ట్రమునకును వీడు హక్కు లేదనియు 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో అంబేడ్కరుగారు స్పష్టముచేసిరి. ఐరోపా సంఘము ఒప్పందముతో పుట్టినది. ఒప్పందముతో చేరినవాడు వీడగలడు. ఐనను, సంఘములోపలనే జరిగిన విభజన యొకటి మన తెలుగు కుటుంబములన్నింటికిని ఎఱుకే. 2014 నాటి పునర్వ్యవస్థీకరణ చట్టమునకు 108 సెక్షనులు, 13 షెడ్యూళ్లు. దాని మంచిచెడ్డలను ఇచట కదపను; కదపినచో ఈ హాలులో సంగీతము జరుగదు. అంత వివరముగా వ్రాసినను, 2024 జూన్ 2న పదేండ్లు నిండునాటికి 9, 10 షెడ్యూళ్లలోని కొన్ని సంస్థల పంపకము తేలనేలేదు. ఏమియు వ్రాయకుండ విడిపోయినవారి అవస్థ ఊహించుకొనుడు.

ఆ అవస్థ అన్నింటికంటె ఎక్కువగా ఎవరిపై పడెనో చెప్పి విరమింతును. ఐర్లండు ద్వీపములో ఉత్తరభాగము బ్రిటన్‌ది. దక్షిణమున ఐర్లండు స్వతంత్ర దేశము. నడుమ సరిహద్దు దాదాపు 500 కిలోమీటర్లు. పొలముల నడుమనుండి, కొన్నిచోట్ల ఇండ్ల నడుమనుండియే పోవును. మూడు దశాబ్దముల కలహములో ఇంచుమించు 3,500 మంది చనిపోయిరి. ఆ సరిహద్దుపై సైనికుల కావలిబురుజులుండెడివి. 1998 ఏప్రిల్ 10న బెల్ఫాస్టు ఒప్పందముతో శాంతి కుదిరినది. రెండు దేశములును ఐరోపా సంఘములోనే యుండుటచేత సుంకపు తనిఖీ యవసరము లేదు. బురుజులు కూల్చిన పిమ్మట సరిహద్దు కంటికి కనబడకుండ పోయెను. తాను ఐరిషువాడ ననుకొనువాడు, తాను బ్రిటిషువాడ ననుకొనువాడు, ఇరువురును ఒకే వీధిలో తలయెత్తుకొని తిరుగుటకు ఆ కనబడకపోవుటయే ఆధారము.

2016 జూన్ 9న మాజీ ప్రధానులు మేజర్, బ్లెయిర్ పరస్పర ప్రత్యర్థులై యుండియు కలిసి ఉత్తర ఐర్లండునకు పోయి ఈ ప్రమాదమును హెచ్చరించిరి. ఇంగ్లండు పత్రికలలో అది ఒకనాటి వార్త. లెక్క చూడుడు: బ్రిటన్ ఉమ్మడి విపణినుండి పూర్తిగా వెడలవలెను; ఐర్లండు ద్వీపముపై సరిహద్దు తనిఖీ ఉండరాదు; ఉత్తర ఐర్లండునకును తక్కిన బ్రిటన్‌కును నడుమను తనిఖీ ఉండరాదు. మూడును కోరిరి. ఏ రెండైనను సాధ్యము, మూడును అసాధ్యము. మే ప్రభుత్వము ఈ ముడిలోనే చిక్కి కూలెను. తరువాత వచ్చిన జాన్సన్ మూడవదానిని వదలుకొని, తనిఖీని సముద్రములో పెట్టి 2020లో వెడలెను. తమ దేశములోని ఒక రేవునుండి మరియొక రేవునకు పోవు సరకునకు కాగితములు చూపుమనుట బ్రిటిషువారమని గర్వించు అచటి యూనియనిస్టులకు అవమానమైనది. వారిలో పెద్దపక్షము 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వమునుండి వైదొలగగా, రెండేండ్లపాటు ఆ ప్రాంతమునకు పూర్తి మంత్రివర్గము లేకపోయెను. 2023 ఫిబ్రవరి 27న విండ్సరులో కుదిరిన ఏర్పాటుతో, ఉత్తర ఐర్లండులోనే అమ్ముడుపోవు సరకునకు పచ్చ దారి, ఐర్లండునకు దాటిపోగల సరకునకు ఎఱ్ఱ దారి ఏర్పడి కొంత ఊరట కలిగెను.

ఈ ఉత్తర ఐర్లండు ప్రజలలో నూటికి 55.8 మంది 2016లో ఉండుటకే ఓటు వేసిరి. ఐరోపా వర్తక నియమములు తమ ప్రాంతములో కొనసాగవలెనా యను ప్రశ్న 2024 డిసెంబరు 10న వారి శాసనసభ ముందునకు వచ్చెను. 48 మంది ఔననిరి, 36 మంది కాదనిరి. ఇరువర్గములలోను తగిన మద్దతు లభించినచో గడువు ఎనిమిదేండ్లు. ఒకేవైపు మెజారిటీ యైనచో నాలుగే. యూనియనిస్టు సభ్యులు ఎదురు నిలిచిరి గనుక నాలుగేండ్లే లభించినవి. 2028లో ఆ సభ ఆ ప్రశ్ననే మరల ఎదుర్కొనవలసి యున్నది.